పాత డిస్కు చేతికి రాకుండా ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకోకండి

నిన్న సాయంత్రం జరిగింది ఇది. రాత్రంతా నిద్ర పట్టలేదు. కోపం చల్లారేదాకా ఆగితే ఈలోగా ఇంకో నలుగురు అదే కొట్టు మెట్లెక్కుతారు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే కొట్లు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కరలేదు. మా ఆఫీసులో ఇద్దరు మంచిదని చెప్పిన కొట్టుకే వెళ్ళాను. ల్యాప్‌టాప్ 2013లో కొన్నది, 500 జీబీ హార్డ్ డిస్కు. పీడీఎఫ్‌లు దిద్దుకోవడానికని మా అబ్బాయి ఎక్కడినుంచో ఒక క్రాక్ సాఫ్ట్‌వేర్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీ, దింపుకున్నాడు. గంట తిరిగేసరికి ప్రతి ఫైలు పేరు చివరా నాలుగు అక్షరాల కొత్త తోక వచ్చింది, ఏదీ తెరుచుకోలేదు. ఫోల్డర్లలో ఇంగ్లీషులో ఒక నోటు: 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లోపు సంప్రదిస్తే 490. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ అది. ఈ రకాన్ని స్టాప్ అనీ డీజేవీయూ అనీ అంటారు. ఆ నోటుకు ఫోనులో ఫోటో తీసుకుని, ల్యాప్‌టాప్ ఆపేసి, మర్నాడే కొట్టుకు తీసుకెళ్ళాను.

ల్యాప్‌టాప్ గురించి నాకు బాధ లేదు. అందులో మా అమ్మ పాటలు ఉన్నాయి. మంగళహారతులు, అట్లతద్ది పాటలు, మా చెల్లెలిని నిద్రపుచ్చుతూ పాడిన లాలిపాటలు, మొత్తం నలభై ఒకటి. నాన్న ఎప్పుడో క్యాసెట్లలో పట్టి ఉంచారు. అమ్మ పోయాక, 2015లో, టేప్ రికార్డరుకు తీగ తగిలించి ఒక్కో పాటా నేనే కంప్యూటర్లోకి ఎక్కించాను. ఒక లాలిపాట మధ్యలో పాల కుక్కర్ ఈల వినిపిస్తుంది, అమ్మ పాట ఆపి "స్టవ్ కట్టెయ్యవే" అని నన్నే పిలుస్తుంది. తర్వాత క్యాసెట్లకు బూజు పట్టింది. ఇల్లు మారేటప్పుడు, కంప్యూటర్లో ఉన్నాయి కదా అని వాటిని పారేశాను. ఇంకో కాపీ తీయలేదు. ఒక్క పెన్‌డ్రైవ్ కొనుక్కుని ఉంటే సరిపోయేది. పదేళ్ళలో ఆ పని చేయడానికి నాకు ఒక్క ఆదివారం దొరకలేదంటే అది నా తప్పే, కాదనను.

కానీ కొట్టులో చెప్పవలసిందంతా చెప్పాను. ఫైళ్ళు తెరుచుకోకపోయినా సరే, ఒక్కటి కూడా చెరపవద్దు, ఫార్మాట్ చేయవద్దు, ముందు ఉన్నవి ఉన్నట్టుగా వేరే డిస్కులోకి తీసిపెట్టండి అని మూడుసార్లు చెప్పాను. రసీదు మీద "డేటా కావాలి" అని వాళ్ళ చేతే రాయించాను. కౌంటర్ దగ్గరి కుర్రవాడు రాసి, కింద గీత కూడా గీశాడు.

నాలుగో రోజు ఫోను చేసి వచ్చి తీసుకెళ్ళమన్నారు. వెళ్ళాను. తుడిచి తళతళలాడించి ఇచ్చారు. బటన్ నొక్కీ నొక్కకముందే తెరుచుకుంది. బిల్లు 4,300 రూపాయలు. పాత డిస్కు బదులు నేను అడగని ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకం డిస్కు వేశారట, వేగం కోసమట. నేను ముందు పాటల ఫోల్డరు కోసం చూశాను. అది లేదు. డీ డ్రైవే లేదు.

"పాత డిస్కు ఇవ్వండి" అన్నాను.

యజమాని తన ఫోనులోనుంచి తల ఎత్తలేదు. "వైరస్ పట్టిన డిస్కుతో మీకేమి పని మేడమ్? తీసేశాం."

"తీసేసి ఎక్కడ పెట్టారు?"

"స్క్రాప్‌కు పోయింది."

రసీదు చూపించాను. గీత గీసిన మాట మీద వేలు పెట్టి చూపించాను. ఆయన రసీదు నా చేతిలోనుంచి తీసుకుని, వెనక్కి తిప్పి, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న నాలుగో నిబంధన మీద తన వేలు పెట్టాడు. డేటాకు కొట్టు బాధ్యత వహించదట. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. "అందులో మా అమ్మ గొంతు ఉంది" అన్నాను. ఆ మాట ఆ మనిషికి చెప్పి ఉండకూడదు. ఆయన కుర్రవాడి వైపు చూసి నవ్వి, "పాటలే కదా మేడమ్, యూట్యూబ్‌లో అన్నీ దొరుకుతాయి" అన్నాడు. కుర్రవాడు మాత్రం నవ్వలేదు, తల దించుకున్నాడు. నేను 4,300 కట్టేసి బయటికి వచ్చాను. ఎందుకు కట్టానో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

ఇంటికి వచ్చాక ఈ వైరస్ గురించి చదివాను. ముందే చదవవలసింది. పెద్ద ఫైలు మొత్తానికి ఇది తాళం వేయదు, మొదటి 150 కేబీ దగ్గరే ఆపేస్తుంది. నా పాటలు కుదించని వేవ్ ఫైళ్ళు. అందులో ఒక సెకను శబ్దానికే దాదాపు 172 కేబీ పడుతుంది. అంటే ప్రతి పాటలోనూ పోయింది మొదటి సెకను, అది కూడా పూర్తిగా కాదు. ఫైలు మొదట్లో ఉండే వివరాలు తిరిగి రాసుకుంటే మిగతా పాటంతా వినిపించేది. నలభై ఒక్క పాటలూ ఆ డిస్కులో దాదాపు క్షేమంగా ఉన్నాయి. వాటిని వైరస్ చంపలేదు.

ఫోటోలు, కాగితాల సంగతి కూడా అంతే. ఎమ్‌సిసాఫ్ట్ సంస్థ 2019లోనే ఈ రకానికి ఉచితంగా తాళం తీసే సాధనం విడుదల చేసింది. అన్నిటికీ పని చేయదు. నోటులోని గుర్తింపు సంఖ్య టి1తో ముగిస్తే మాత్రం ఆశ ఉంటుంది, ఈరోజు కాకపోయినా తాళంచెవి దొరికిన రోజున తెరుచుకోవచ్చు. నా ఫోనులోని ఫోటో తీసి చూశాను. చివర టి1 అనే ఉంది. సంఖ్య నా దగ్గర ఉంది, ఫైళ్ళు లేవు.

ఇంకొకటి. పొద్దున విండోస్‌తో పాటే వచ్చే వైరస్ కాపలా, విండోస్ డిఫెండర్, తెరిచి చూస్తే, ఒక ఫోల్డరును తనిఖీ చేయకుండా వదిలేయమని ముందే అమర్చి ఉంది. అందులో విండోస్‌ను దొంగతనంగా యాక్టివేట్ చేసే క్రాక్. ఏ దారిన వైరస్ వచ్చిందో అదే దారి మళ్ళీ తెరిచి పెట్టి, దానికి డబ్బు తీసుకున్నారు.

మీలో ఎవరికైనా ఇలా జరిగితే ఫార్మాట్ చేయించకండి. డిస్కు విప్పించి ఇంటికి తెచ్చుకోండి, నోటు కూడా దాచుకోండి. మార్చిన ప్రతి పాత భాగమూ మీదే, అది చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి. నో మోర్ రాన్సమ్ అనే సైటులో మీకు పట్టిన రకానికి సాధనం ఉందో లేదో ఉచితంగా చూసుకోవచ్చు. ఈ రకంతో పాటు పాస్‌వర్డులు దొంగిలించేవి కూడా దిగుతుంటాయి, వేరే ఫోనునుంచి అన్నీ మార్చేయండి. నేను సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చేశాను, వినియోగదారుల సహాయ కేంద్రం 1915కి ఈరోజు చేస్తాను.

స్క్రాప్‌కు పోయిందన్న మాట నేను నమ్మడం లేదు. పనిచేసే డిస్కును ఎవరూ స్క్రాప్‌లో వేయరు, అమ్ముకుంటారు. ఈ వారంలో ఆ చుట్టుపక్కల ఎవరైనా పాత 500 జీబీ ల్యాప్‌టాప్ డిస్కు కొని ఉంటే, దయచేసి ఒక్కసారి తగిలించి చూడండి. అందులో "అమ్మ" అనే ఫోల్డరు, లోపల నలభై ఒక్క ఫైళ్ళు కనిపిస్తే ఏమీ చెరపకండి, ఏమీ ఎక్కించకండి. ఇక్కడ ఒక్క మాట రాయండి. మీరు పెట్టిన డబ్బుకు రెట్టింపు ఇచ్చి, మీరు ఎక్కడ ఉంటే అక్కడికి వచ్చి తీసుకుంటాను.