సూపర్‌నోవా అవశేషాల అధ్యయనానికి ఫెర్మీ గామా డేటా: ఏళ్ల తరబడి వాడాక

ఫెర్మీ ఉపగ్రహంలోని లాట్ అనే గామా కిరణాల టెలిస్కోపు డేటాతో సూపర్‌నోవా అవశేషాలను (పేలిపోయిన నక్షత్రాల శకలాలను) చాలా ఏళ్లుగా చదువుతున్నాను. ఈ పనికి ఇంతకంటే మంచి ఉచిత డేటా లేదు. 2008లో కక్ష్యలోకి చేరిన లాట్ సుమారు మూడు గంటలకోసారి ఆకాశమంతా చూసేస్తుంది. అది పట్టిన ఫోటాన్ల (కాంతి కణాల) జాబితాలు కొన్ని గంటల్లోనే అందరికీ అందుబాటులోకి వస్తాయి.

నేను వెతికేది ఒక్కటే: ఆ అవశేషాల నుంచి వచ్చే గామా కిరణాలు ఎలక్ట్రాన్ల పనా, ప్రోటాన్ల పనా? పేలుడు పుట్టించిన షాక్ తరంగంలో శక్తి పుంజుకున్న ప్రోటాన్లు పక్కనున్న వాయుమేఘాన్ని గుద్దితే తటస్థ పయాన్లు అనే క్షణికమైన కణాలు పుట్టి, ఒక్కొక్కటీ రెండు గామా ఫోటాన్లుగా విడిపోతుంది. అలా వచ్చిన వర్ణపటం 200 ఎంఈవీ (ఒక ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు) దిగువన ఒక్కసారిగా పడిపోతుంది. ఐసీ 443, డబ్ల్యూ44 అనే రెండు అవశేషాలలో ఈ వంపును లాట్ బృందం 2013లో చూపించింది. ఆ గ్రాఫు చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

చిక్కంతా సరిగ్గా ఆ వంపు దగ్గరే. ఫోటాన్ ఎటునుంచి వచ్చిందో చెప్పడంలో లాట్‌కు 1 జీఈవీ (వెయ్యి ఎంఈవీ) దగ్గర ఒక డిగ్రీ లోపే ఉండే మసక, 100 ఎంఈవీకి వచ్చేసరికి దాదాపు అయిదు డిగ్రీలవుతుంది. ఐసీ 443 వెడల్పు ముప్పావు డిగ్రీ. దానికి ఆరు డిగ్రీల దూరంలో జెమింగా పల్సార్ (వేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రం) వెలిగిపోతుంటుంది. దాని ఫోటాన్లూ, పాలపుంత నేపథ్య కాంతీ మన అవశేషం మీదికి వచ్చి పడతాయి. ఆ నేపథ్య కాంతిని అంచనా వేసే నమూనాను కాస్త మారిస్తే వంపు కూడా కదులుతుంది. ఎన్నేళ్ల డేటా పోగైనా ఈ దోషం తగ్గదు. అందుకే ఒకే నేపథ్య నమూనాతో తేల్చిన ఫలితాన్ని, ఎవరు ప్రచురించినా, నేను నమ్మను.

2015లో వచ్చిన పాస్ 8 (లాట్ డేటాను మళ్లీ మెరుగ్గా విశ్లేషించిన రూపం) చాలా మేలు చేసింది. ఫోటాన్లను దిశ కచ్చితత్వాన్ని బట్టి నాలుగు తరగతులు చేశారు. తక్కువ శక్తుల్లో నేను అన్నిటికన్నా మెరుగైన తరగతినే వాడతాను. ఫోటాన్లు నాలుగో వంతుకు పడిపోయినా నష్టం లేదు.

లాట్ డేటాను విశ్లేషించే ఫెర్మీటూల్స్ సాఫ్ట్‌వేర్లు కాండా (ప్యాకేజీలను దించుకునే సాధనం)తో తేలిగ్గానే ఇన్‌స్టాల్ అవుతాయి, లెక్కలు మాత్రం నెమ్మది. ఫెర్మీపై (Fermipy) అనే పైథాన్ ప్యాకేజీ ఉంటే స్క్రిప్టులు రాసే శ్రమ బాగా తగ్గుతుంది. టీఈవీ (వెయ్యి జీఈవీ) శక్తులు కూడా కావాలంటే గామాపై (Gammapy) అనే మరో పైథాన్ ప్యాకేజీ నేర్చుకోండి. నేల మీది నుంచి గామా కిరణాలను చూసే హెస్ టెలిస్కోపుల బృందం 2018లో విడుదల చేసిన పరీక్షా డేటాలో ఆర్‌ఎక్స్ జె1713.7-3946 అనే అవశేషం ఉంది. దాని వర్ణపటం ఎలక్ట్రాన్ల వైపు మొగ్గినట్టు కనిపిస్తుంది. అయితే వాయువు ముద్దలు ముద్దలుగా ఉంటే ప్రోటాన్లూ అలాంటి వర్ణపటాన్నే ఇవ్వగలవు. కాబట్టి గామా కిరణాలతోనే తీర్పు చెప్పేయకండి, ఎక్స్ కిరణాలూ వాయు పటాలూ పక్కన పెట్టుకోండి.

కొత్తగా దిగేవాళ్లు కాసియోపియా ఏ అనే అవశేషంతో మొదలుపెట్టడం మంచిది. లాట్‌కు అది బిందువులా కనిపిస్తుంది కనుక ఆకారం గొడవ ఉండదు.