పెంకుటింటి హార్డ్ డిస్కుతో రెండున్నరేళ్లు

ఈ హార్డ్ డిస్కు ఇంతవరకు చెడిపోలేదు. అసలు నా కోపమే అది. చెడిపోయి ఉంటే వారంటీలో మార్పించుకుని ఊరుకునేదాన్ని.

రెండున్నరేళ్ల కిందట సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో షాపు షాపూ తిరిగి విడిభాగాలు కొని కంప్యూటర్ నేనే బిగించుకున్నాను. విండోస్‌కి చిన్న ఎస్ఎస్‌డీ, వీడియోలకి ఈ 4 టీబీ డిస్కు. చుట్టాల పెళ్లిళ్లూ ఓణీల ఫంక్షన్లూ ఎడిట్ చేసి పెట్టడం నాకు అలవాటు, ఎంత చోటున్నా చాలదు. మొదటి నెలంతా ఈ డిస్కుని అందరి దగ్గరా తెగ మెచ్చుకున్నాను. చప్పుడు లేదు, వేడెక్కదు, కాపీ పెడితే సెకనుకి 180 ఎంబీ. నా మాట నమ్మి మా తమ్ముడూ అదే కొన్నాడు. అప్పటికి నేను ఒక్క విడతలో ఇరవై జీబీ మించి దాంట్లో వేసిందే లేదన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

పిన్ని కూతురి పెళ్లికి మూడు కెమెరాల ఫుటేజీ 380 జీబీ వచ్చింది. 180 లెక్కన చూస్తే ముప్పై అయిదు నిమిషాల పని. టీ పెట్టుకుని వచ్చేసరికి 40 జీబీ దాకా వెళ్లింది. ఆ తర్వాత స్పీడు గీత ఒక్కసారిగా పడిపోయి 12 దగ్గర కూలబడింది. మధ్యమధ్య సున్నా. టాస్క్ మేనేజర్‌లో డిస్కు వాడకం 100 శాతం, ఇంకా ఎనిమిది గంటలు పడుతుందని చూపిస్తోంది. ఆ రాత్రికి పెళ్లికూతురికి ఓ చిన్న వీడియో పంపుతానని మాటిచ్చి ఉన్నాను!

సొంతంగా బిగించిన కంప్యూటర్‌తో ఉన్న చిక్కే ఇది, ఏం జరిగినా తప్పు మనదే అనిపిస్తుంది. ముందు డిస్కుని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ మీద అనుమానం వచ్చి కొత్తది వేశాను. పోర్టు మార్చాను. బయోస్‌లో డిస్కు సెట్టింగు (ఏహెచ్‌సీఐ మోడ్) సరిగానే ఉంది. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో చెడిన సెక్టార్లు సున్నా, కేబుల్ తేడాగా ఉంటే పెరిగే సీఆర్‌సీ ఎర్రర్ల లెక్కా సున్నా. విండోస్ ఇండెక్సింగ్ ఆపాను, యాంటీవైరస్ కాసేపు ఆపాను, చివరికి విండోసే మళ్లీ వేశాను. రెండు ఆదివారాలు పోయాయి. 40 జీబీ దాటగానే మళ్లీ అదే 12.

షాపుకి తీసుకెళ్తే కుర్రాడు పది నిమిషాలు చూసి, "డ్రైవ్‌కేం గాలే అక్కా, మంచిగనే ఉంది" అని చేతిలో పెట్టాడు. సర్వీస్ సెంటర్ వాళ్లు పది రోజులు ఉంచుకుని, పరీక్షలన్నీ పాసైందని కాగితం ఇచ్చారు. ఆ కాగితం తప్పు కాదు. ఆ పరీక్ష డిస్కంతా చదివి చూస్తుంది. చదవడంలో దీనికి ఏ లోటూ లేదు.

గుట్టు దానంతట అదే బయటపడింది. ఒక రాత్రి విసిగిపోయి కాపీ ఆపేశాను గానీ కంప్యూటర్ ఆపడం మర్చిపోయాను. అర్ధరాత్రి మంచినీళ్లకి లేస్తే డబ్బా లోంచి గరగరమని చప్పుడు. విండోస్ చూస్తే డిస్కుకి ఏ పనీ చెప్పడం లేదు. పొద్దున్నే కాపీ పెడితే మళ్లీ 180! నలభై జీబీ తర్వాత మళ్లీ మామూలే.

మోడల్ నంబరు పట్టుకుని వెతికితే అప్పుడు తెలిసింది, ఇది ఎస్ఎంఆర్ (షింగిల్డ్ మాగ్నెటిక్ రికార్డింగ్) డిస్కు. మా అమ్మమ్మ వాళ్ల పెంకుటిల్లు గుర్తు తెచ్చుకుంటే విషయం తేలిగ్గా అర్థమైంది. పెంకు అంచు మీద ఇంకో పెంకు ఎక్కి ఉంటుంది. నడుమ ఒకటి మార్చాలంటే పై వరసలన్నీ లేపి మళ్లీ పేర్చాలి. ఈ డిస్కులో డేటా రాసే గీతలు, అంటే ట్రాకులూ అలాగే ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి, అందుకే అదే పలకలో ఎక్కువ డేటా పడుతుంది. కానీ చిన్న ముక్క మార్చినా ఆ వరస మొత్తం తిరగరాయాలి. ఆ నిదానం మనకి తెలియకుండా కొంత చోటు విడిగా ఉంచి, వచ్చిందంతా ముందు గబగబా అక్కడ పడేస్తుంది. పనిలేనప్పుడు తీరిగ్గా సర్దుకుంటుంది. నేనేమో కాపీ అవగానే షట్‌డౌన్ చేసేదాన్ని. ఇక సర్దుకునేదెప్పుడు?

అట్ట మీద ఈ మాటే లేదు. డిస్కుల్లో ఇలా చెప్పకుండా ఎస్ఎంఆర్ పెడుతున్నారని 2020లో పెద్ద గొడవే అయి, కంపెనీలు ఏ మోడల్ ఏ రకమో జాబితాలు బయటపెట్టాయి. అది చదవకుండా కొన్నది నేనే, ఆ మాట ఒప్పుకుంటాను. 256 ఎంబీ కాష్ (డేటాని కాసేపు ఉంచుకునే చిన్న మెమరీ) అని చూసి మురిసిపోయాను కూడా. ఇదే సైజు పాత మోడల్‌కి 64 ఉండేది. అంత పెంచారంటే ఎందుకో అని అనుమానం రావాల్సింది (256 ఉన్నవన్నీ ఇలాంటివే అని కాదు). ఇంకో ఆనవాలు, హార్డ్ డిస్కు అయ్యుండీ ట్రిమ్ (ఏ ఫైళ్లు చెరిపేశామో డిస్కుకి చెప్పే ఏర్పాటు, మామూలుగా ఎస్ఎస్‌డీల్లో ఉండేది) ఉందని చూపించడం.

ఇప్పుడు దాని పద్ధతికి నేనే అలవాటు పడ్డాను. ఎడిటింగ్ అంతా ఎస్ఎస్‌డీ మీదే. పూర్తయినవి ముప్పై జీబీ చొప్పున దీంట్లోకి పంపి, రాత్రంతా కంప్యూటర్ ఆన్‌లోనే ఉంచుతాను. కరెంటు బిల్లు సంగతి మా ఆయన రెండుసార్లు అడిగారు. ఒకసారి ఎక్కించిన వీడియో ఎన్నిసార్లు చూసినా ఇబ్బంది పెట్టలేదు, ఈ రెండున్నరేళ్లలో ఒక్క ఫైలూ పోలేదు. చప్పుడు లేదన్నాను కదా, పగటి పూట నిజంగానే లేదు.

సినిమాలు నింపుకుని చూసుకునేవాళ్లకి ఈ ధరకి ఇది చాలు. నాస్ (నెట్‌వర్క్ మీద అందరూ వాడుకునే డిస్కుల పెట్టె) పెట్టి రెయిడ్‌లో (కొన్ని డిస్కులు కలిపి ఒకటిగా) వాడాలనుకుంటే మాత్రం వద్దు, అక్కడ డిస్కు మార్చినప్పుడు డేటా అంతా ఏకబిగిన తిరగరాయాలి. నాకు పెళ్లి వీడియోల పిచ్చి లేకపోతే నేనూ దీనికి నాలుగు స్టార్లు ఇచ్చేదాన్నేమో. తమ్ముడు ఇప్పటికీ "నాది బాగానే ఉందిగా అక్కా" అంటాడు. వచ్చే మాఘంలో వాడి పెళ్లి. ఆ ఫుటేజీ కోసం సీఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీదొకటి ఎక్కని మామూలు రకం) అని రాసున్న డిస్కు ఒకటి ముందే కొని పెట్టాను.