టెలి మానస్ 14416: ఫోన్‌లో కౌన్సెలింగ్ ఎంతవరకు పనికొస్తుంది?

విజయవాడ సూర్యారావుపేటలో సైకియాట్రిస్ట్ క్లినిక్ మెట్లెక్కే ముందు అటూ ఇటూ చూసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తెలిసినవాళ్ల కంటబడితే అమ్మాయికి సంబంధాలు రావేమో, ‘వైజాగ్ మానసిక ఆసుపత్రికి పంపాల్సిన కేసు’ అంటారేమో అన్న బెంగ. ఆ మెట్లెక్కకుండానే మొదటి మాట మాట్లాడుకునే వీలిచ్చింది 14416. అందుకే ఈ సేవకు మా ఓటు.

కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఇది. రాత్రీపగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు. ఆ నంబరు కలవకపోతే 1800-89-14416 కొట్టండి. బటన్ ఫోనైనా చాలు. తెలుగు ఎంచుకుంటే శిక్షణ పొందిన కౌన్సెలర్ లైన్లోకి వస్తారు. అవసరమనిపిస్తే సైకియాట్రిస్టుకు కలుపుతారు, లేదా దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లమంటారు. కొడుకు గురించి తల్లి, నాన్న గురించి కూతురు కూడా చేయొచ్చు. చెప్పుకున్న సంగతులు బయటికి పొక్కకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టమే అంటోంది.

అసలు చిక్కు ఇంట్లోనే. కృష్ణలంకలో రెండు గదుల పోర్షన్లో తలుపేసుకుని అరగంట మాట్లాడితే ‘ఎవరితో?’ అని అడగనివాళ్లుండరు. మేడ మీదికో, ట్రాఫిక్ మోత లేని వీధిలోకో వెళ్లి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మాట్లాడటం మేలు. చెప్పాల్సినవి ముందే కాగితం మీద రాసుకోండి: ఎన్నాళ్లుగా, నిద్ర ఎలా ఉంది, తిండి సయిస్తోందా, మద్యం అలవాటుందా, చనిపోవాలనిపిస్తోందా, ఇప్పటికే వాడుతున్న మాత్రలు ఎన్ని మిల్లీగ్రాములు. ‘ఏదోలా ఉందండీ’ అంటే ప్రశ్నలతోనే సగం సమయం పోతుంది. ‘మూడు వారాలుగా తెల్లారుజామున మూడింటికే మెలకువ వస్తోంది, మళ్లీ నిద్ర పట్టట్లేదు’ అంటే అవతలివాళ్లకు దారి దొరుకుతుంది, ఎందుకంటే అది డిప్రెషన్‌లో తరచూ కనిపించే లక్షణం.

వారం వారం సాగే థెరపీకి మాత్రం ఇది సరిపోదు. ఈసారి మాట్లాడిన కౌన్సెలరే మళ్లీ దొరుకుతారనుకోవద్దు. పోయినసారి ఏం అనుకున్నారో రెండు ముక్కల్లో చెప్పి మొదలుపెట్టండి. థెరపీ కావాలంటే డబ్బు పెట్టి క్లినికల్ సైకాలజిస్టుతో 45, 50 నిమిషాల వీడియో సెషన్లు తీసుకోవాలి. ముందు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. చెప్పడానికి నసిగితే వదిలేయండి. సైకాలజిస్ట్ మందులు రాయరు, అది సైకియాట్రిస్ట్ పని. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలం లాంటి మాత్రలు ఆన్‌లైన్లో రాయకూడదు. అడగ్గానే వాట్సాప్‌లో రాసి పంపేవాళ్లకు దూరంగా ఉండండి. డిప్రెషన్ మందుల గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ‘పనిచేయట్లేదు’ అని మొదటి వారంలోనే ఆపేసేవాళ్లు కొందరు, కాస్త తేరుకోగానే ఆపేసేవాళ్లు ఇంకొందరు. జబ్బు తిరగబెట్టేది చాలాసార్లు ఇక్కడే.

ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందన్నా, అన్నం నీళ్లు మానేసినా, మద్యం మానగానే చేతులు వణుకుతున్నా ఫోన్‌తో కాలక్షేపం చేయొద్దు. విజయవాడ ప్రభుత్వాసుపత్రికో (జీజీహెచ్) గుంటూరు జీజీహెచ్‌కో తీసుకెళ్లండి. ప్రాణం మీదికి తెచ్చుకుంటారన్న అనుమానం ఉంటే ఒంటరిగా వదలకండి, 108కి చేయండి. మిర్చి, పత్తి వేసే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు మంచం కిందే ఉంటాయి. వాటిని ఆ పూటే ఇంట్లోంచి తీసేయాలి.

అన్నిటికన్నా బాధపెట్టేది ఒకటుంది. గూడవల్లి, నిడమానూరు వైపు ఇంటర్ హాస్టళ్లలో పిల్లల దగ్గర ఫోన్ ఉండనివ్వరు. ఈ నంబరు అవసరం ఎక్కువున్న వయసు వాళ్లదే. 14416కి మాత్రమే కలిసే ఫోనొకటి ప్రతి హాస్టల్లోనూ పెట్టాలి, అదీ వార్డెన్ గదిలో కాకుండా. అడ్మిషన్ ఫీజు కట్టేటప్పుడే తల్లిదండ్రులు ఈ మాట గట్టిగా అడగాలి.