చేత్తో కుట్టిన తోలు పట్టీ: హైదరాబాద్ చెమటలో నాలుగేళ్లు

డ్రెస్ వాచీకి, అంటే ముస్తాబైనప్పుడు కట్టే సన్నటి వాచీకి, పట్టీ కొనేవాళ్లు ముందు రంగు చూస్తారు, తర్వాత కుట్టు, ఆఖర్న ధర. వెనక్కి తిప్పి చూసేవాళ్లు తక్కువ. మన ఎండలకు పట్టీ పాడవడం మొదలయ్యేది మాత్రం ఆ వెనకవైపు నుంచే. చేత్తో కుట్టిన పట్టీలు రెండు మార్చి మార్చి నాలుగేళ్లుగా కడుతున్నాను కాబట్టి ఇది కాస్త గట్టిగానే చెప్పగలను.

వాచీ హెచ్‌ఎంటీ సోనా. కీ ఇచ్చే రకం, సన్నటిది, బంగారు పూత కేసు. పెళ్లికొడుక్కి సైకిలు, రేడియో, వాచీ పెట్టే రోజుల్లో మా బాబాయికి అత్తారు పెట్టింది. హెచ్‌ఎంటీ వాళ్లు 1961లో జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టారు, 2016లో ఆ విభాగాన్ని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. ఇక కంపెనీ పట్టీ కోసం తిరగడం దండగే.

మొదట ఒక షోరూంలో ‘జెన్యూన్ లెదర్’ ముద్ర ఉన్నది తీసుకున్నాను. ఒక్క ఎండాకాలానికే లగ్ (పట్టీ తగిలించే కేసు కొమ్ము) దగ్గరి మడతలో పై పొర పెచ్చులుగా లేచింది, లోపల అట్టముక్క బయటపడింది. అడిగితే ‘చెమట పడితే అంతే సార్’ అన్నారు. చెమట పట్టని చెయ్యి ఎక్కడి నుంచి తేవాలో చెప్పలేదు. ఆ ముద్ర చెప్పేదల్లా అందులో తోలు ఉందనే, ఏ పొర తోలో చెప్పదు. పశువు చర్మంలో పైభాగం, గీకకుండా ఉంచితే ఫుల్ గ్రెయిన్. బలమంతా ఆ పొరలో ఉంటుంది. దాని కింద నుంచి చీల్చి తీసేది స్ప్లిట్. చవక పట్టీల్లో చాలావరకు ఈ స్ప్లిట్ మీద ప్లాస్టిక్ పూత పూసి, తోలు గీతలు అచ్చు గుద్దుతారు.

ఆ తర్వాత చేత్తో కుట్టేవాళ్ల దగ్గర ఆర్డర్ ఇచ్చాను. కొలతలు ఇవ్వడం దగ్గరే తేడా తెలిసిపోయింది. లగ్‌ల మధ్య 18 మిల్లీమీటర్లు, బకిల్ దగ్గరికి వచ్చేసరికి 16. డ్రెస్ వాచీకి ఈ రెండు మిల్లీమీటర్ల తగ్గుదల ఉండాల్సిందే, లేకపోతే సన్న వాచీకి బెల్టు కట్టినట్టు ఉంటుంది. రెడీమేడ్ పట్టీలు ఎక్కువగా 120/75, 115/75 పొడవుల్లో వస్తాయి, అంటే రంధ్రాల ముక్క, బకిల్ ముక్క పొడవులు మిల్లీమీటర్లలో. నాలాంటి సన్న మణికట్టుకు వాటితో బకిల్ ఒక పక్కకు జరిగిపోతుంది, తోక, దాన్ని పట్టి ఉంచే రెండో లూప్ దాటి బయటికి పొడుచుకొస్తుంది. నాకు 105/70 సరిపోయింది. మణికట్టు చుట్టూ కాగితం పట్టీ చుట్టి, గీత గీసి, స్కేలు మీద కొలిచి పంపితే చాలు. మందం కూడా ముందే చెప్పుకోవాలి. లగ్ దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు మించొద్దన్నాను. అంతకు మించితే పట్టీ వాచీ కన్నా ఎత్తుగా కనపడి, సోనా అందమంతా పోతుంది.

రెండూ ఒకేసారి తీసుకోలేదు. మొదటిది గోధుమ రంగు, వెజిటబుల్ టాన్, లైనింగూ అదే తోలు. రెండోది నలుపు, క్రోమ్ టాన్ మేక తోలు, లోపల కూడా మేక తోలే.

వెజిటబుల్ టానింగ్ అంటే చెట్ల బెరళ్లు, కాయల్లోని టానిన్లతో తోలును వారాల తరబడి నానబెట్టి చేసే పని. దక్షిణాదిన దీనికి పాత చరిత్ర ఉంది. మన తంగేడు బెరడు, కరక్కాయ వాడి శుద్ధి చేసిన తోళ్లు మద్రాసు రేవు నుంచి ‘ఈస్ట్ ఇండియా లెదర్’ పేరుతో ఇంగ్లండ్ వెళ్లేవి. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు ఏ చెట్టుదో, ఆ బెరడూ ఆ చెట్టుదే. క్రోమ్ టానింగ్ క్రోమియం లవణాలతో ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. ప్రపంచంలో తయారయ్యే తోలులో ఎక్కువ భాగం ఇదే. పట్టీల మీద రాసేవాళ్లు చాలామంది మొదటిదాన్ని ఆకాశానికెత్తి, రెండోదాన్ని చిన్నచూపు చూస్తారు. చల్లటి దేశాల్లో అది చెల్లుతుందేమో.

గోధుమ రంగు పట్టీ మొదటి ఆర్నెల్లు నిజంగా ముచ్చటగా ఉంది. లేత రంగు మెల్లగా ముదిరి, లూప్ కింద దాగిన చోట మాత్రం పాత రంగు అలాగే మిగిలింది. ఏప్రిల్ వచ్చాక వెనకవైపు చూడాలి! నాడి ఆనే చోట లైనింగ్ నల్లగా మారి, ఉప్పు తెల్లటి గీతల్లా అంచు కట్టింది. వెజిటబుల్ టాన్ తోలు చెమటను బాగా పీల్చుకుంటుంది, వదలడానికి టైం తీసుకుంటుంది. వర్షాకాలం వారం రోజులు బీరువాలో పెడితే బూజు పట్టింది. పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాక బూజు పోయింది, వాసన మాత్రం ఇప్పటికీ కాస్త ఉంది. ఎండలో పెట్టకూడదు, బిరుసెక్కి పగుళ్లిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు కొబ్బరినూనె రాయమంటారు. చెప్పులకు చెల్లింది కదా అని పట్టీకి రాస్తే రంగు మచ్చలుగా ముదురుతుంది, పైగా ఆ జిడ్డు చొక్కా కఫ్‌కు అంటుతుంది. కొద్దిగా రంగులేని క్రీమ్, అదీ ఏడాదికి రెండుసార్లు, చాలు.

నల్ల మేక తోలు పట్టీది వేరే కథ. ముట్టుకుంటే చిన్న చిన్న గింజల్లా తగిలే ఉపరితలం, పలచన, అయినా గట్టిది. పెళ్లిళ్లకు ఇదే కడతాను. గుమ్మంలో పన్నీరు చల్లుతారు, చేతికి గంధం రాస్తారు, ఆ గంధం పట్టీ అంచు కిందికి చేరి ఎండిపోతుంది. ఇంటికొచ్చి తడిగుడ్డను బాగా పిండి ఒక్కసారి తుడిస్తే పోతుంది. అదే గోధుమ పట్టీ మీద అయితే నీటి మచ్చ మిగులుతుంది, మిగిలింది కూడా. క్రోమ్ పడని చర్మం కొందరికి ఉంటుంది, దురద, దద్దుర్లు వస్తాయి. అలాంటివాళ్లు పైన ఏ తోలు పెట్టించుకున్నా లైనింగ్ మాత్రం వెజిటబుల్ టాన్ అడగాలి.

కుట్టు సంగతి. రెండింటికీ ఒకే దారానికి రెండు సూదులు, ప్రతి రంధ్రంలోంచి రెండువైపులా లాగి కుట్టినదే, గుర్రపు జీనులకు కుట్టే పద్ధతి. మిషన్ కుట్టులో పై దారం, కింది దారం మధ్యలో ముడిపడతాయి కాబట్టి ఒకటి తెగితే వరసగా వదులవుతుంది. చేతికుట్టులో అలా కాదు. గోధుమ పట్టీకి బకిల్ పక్కన ఒక కుట్టు అరిగి తెగి రెండేళ్లయింది, దాని పక్కవి కదల్లేదు. పైన కుట్లు ఏటవాలుగా ఒకే వరసలో ఉంటే ముచ్చటేస్తుంది. వెనక కూడా అలాగే ఉందో లేదో చూడండి, చెయ్యి తిరిగిన పనివాడో కాదో అక్కడ తెలుస్తుంది.

అంచుల విషయంలో గోధుమ పట్టీకే ఎక్కువ మార్కులు. దాని అంచును మైనంతో రుద్ది నున్నగా చేశారు, కాస్త గరుకైతే ఇంట్లో మళ్లీ మైనం పెట్టి గుడ్డతో గట్టిగా రుద్దుకోవచ్చు. నల్లదానికి అంచున రంగు పూత. లగ్ దగ్గర వంగే చోట మూడో ఏట వెంట్రుకంత పగులు వచ్చింది. తయారీదారు మళ్లీ పూసి ఇస్తానన్నాడు, కొరియర్ ఖర్చు నాదే.

బకిల్ ఇత్తడిది పెట్టించుకున్నాను, బంగారు పూత కేసుకు జోడుగా ఉంటుందని. జోడు కుదిరింది కానీ జులై వచ్చిందంటే చిలుము పడుతోంది, మణికట్టు మీద పచ్చటి మరక కూడా. బకిల్‌ను పట్టీకి పట్టి ఉంచే సన్న పుల్ల, స్ప్రింగ్ బార్, తీసి, బకిల్ ఒక్కదాన్నే చింతపండుతో తోముకుంటే మెరుస్తుంది. పట్టీతో సహా తోమితే తోలు గతి చెప్పక్కర్లేదు.

ధర ఒక్కోటి రెండున్నర వేల పైమాటే. వాచీ కన్నా పట్టీ ఖరీదు అని మా ఆవిడ అంటుంది, నిజమే. షోరూం పట్టీలు ఏడాదికొకటి చొప్పున కొన్నా ఇంచుమించు అంతే అవుతుంది, ఆ పెచ్చులు చూసే బాధ అదనం.

ఆర్డర్ ఇచ్చేముందు తయారీదారును అడగాల్సినవి నాకు తోచినవి రెండే. లైనింగ్ ఏ తోలు? మధ్యలో ఏం పెడతారు? తోలే అంటే సరే. అట్ట, కాగితం లాంటిదైతే చెమటకు ఉబ్బుతుంది, ఎంత బాగా కుట్టినా లాభం లేదు. సూటిగా జవాబివ్వకుండా కొత్త రంగుల ఫొటోలు పంపేవాళ్ల దగ్గర నేనైతే కొనను.

నాకు మూడోది కావాలిప్పుడు. గోధుమ రంగు మేక తోలు, లోపల మేక తోలే, మైనం అంచు అడిగాను. క్రోమ్ తోలుకు మైనం అంచు సరిగా పట్టదు, పూతే వేయాలన్నారు. సరేనన్నాను, బకిల్ మాత్రం స్టీలుకు బంగారు పూత.