చార్లీ ఫెదర్స్ కోసం మెంఫిస్ దాకా

అట్లాంటా నుంచి మెంఫిస్ వెళ్లే మనవాళ్లు చాలామంది నేరుగా ఎల్విస్ ప్రెస్లీ ఉన్న ఇల్లు గ్రేస్‌ల్యాండ్‌కే పోతారు. నా మాట వింటే, బర్మింగ్‌హామ్ మీదుగా ఐ-22 హైవే పట్టుకుని, మెంఫిస్ ఇంకో గంట ఉందనగా హాలీ స్ప్రింగ్స్‌లో ఆగండి. మిసిసిపీలోని చిన్న ఊరు. అమెరికా పల్లెపాటైన కంట్రీ, నల్లవాళ్ల బ్లూస్ కలిసి 1950ల్లో పుట్టిన రాకబిల్లీ పాటలో నాకు అందరికంటే ఇష్టమైన గొంతు చార్లీ ఫెదర్స్‌ది. అతను 1932లో ఈ చుట్టుపక్కలే పుట్టాడు.

తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ బడులూ గుడులూ వేరుగా ఉన్న రోజులవి. అయినా అతనికి గిటారు నేర్పింది జూనియర్ కింబ్రో అనే నల్లజాతి బ్లూస్ కళాకారుడు. కింబ్రో సమాధి ఊరి బయట చర్చి పక్కన ఉంది. సంగీతానికి ఆదీ అంతమూ అతనేనని ఫెదర్స్ అన్న మాటనే ఆ రాతి మీద చెక్కారు. నేను అక్కడ చాలాసేపు నిలబడిపోయాను. ఇద్దరూ 1998లోనే, కొద్ది నెలల తేడాతో పోయారు. అటు వెళ్లేటప్పుడు మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఆదివారం ప్రార్థన వేళ మాత్రం వద్దు.

మెంఫిస్‌లో మొదట చూడాల్సింది యూనియన్ అవెన్యూ 706లోని సన్ స్టూడియో అనే పాత రికార్డింగ్ స్టూడియో. టూరు ముప్పావుగంట, టికెట్టుకు పూర్తిగా న్యాయం జరుగుతుంది. మన ఇళ్లలో పెద్ద హాలంత గది. గోడలకూ కప్పుకూ పాత సౌండ్ పలకలు అలాగే ఉన్నాయి. గైడు చెప్పే కథలో ఇక్కడే పాడి పేరు తెచ్చుకున్న ప్రెస్లీ, జానీ క్యాష్‌లదే పెద్ద పీట కాబట్టి ఫెదర్స్ సంగతి ముందే చదువుకుని వెళ్లండి. ప్రెస్లీని కంట్రీ చార్టుల్లో మొదటిసారి ఒకటో స్థానానికి తీసుకెళ్లిన 'ఐ ఫర్గాట్ టు రిమెంబర్ టు ఫర్గెట్'ను సన్‌లో వాయించే స్టాన్ కెస్లర్‌తో కలిసి రాసింది ఇతనే. అదే ఫెదర్స్ 1956లో పట్టుకొచ్చిన 'టంగ్ టైడ్ జిల్' సన్ యజమాని శామ్ ఫిలిప్స్‌కి నచ్చలేదు. దాన్ని మీటియర్ అనే చిన్న రికార్డు కంపెనీ వేసింది. ఆ ఏడే కింగ్ కంపెనీకి 'వన్ హ్యాండ్ లూస్' పాడాడు. ఎక్కిళ్లలా తెగుతూ, గుసగుసలోంచి ఒక్కసారిగా కేకలోకి ఎగిరే ఆ గొంతుకి రావలసిన పేరు రాలేదని నాకు ఇప్పటికీ బాధే.

బస డౌన్‌టౌన్‌లో అయితే బ్లూస్ క్లబ్బులకు పేరున్న బీల్ స్ట్రీట్‌కి నడిచిపోవచ్చు, కానీ పార్కింగ్‌కి విడిగా కట్టాలి. పిల్లలతో వెళ్తే ఊరి దక్షిణాన హైవే పక్క మోటళ్లే నయం: గదులు సాదా, ఖర్చు తక్కువ. బార్బెక్యూ అంటే ఇక్కడ ఎక్కువగా పంది మాంసమే. శాకాహారులు పులిహోర కట్టుకెళ్తే నిశ్చింత.

గ్రేస్‌ల్యాండ్ టికెట్టు బాగా ఖరీదు. చేతిలో ఒక్క రోజే ఉంటే దాన్ని వదిలేసి హాలీ స్ప్రింగ్స్, సన్ చూడండి. కారులో వినడానికి 1991లో వచ్చిన ఫెదర్స్ ఆల్బమ్ పెట్టుకోండి. వయసు మీద పడ్డ గొంతే, పట్టు మాత్రం తగ్గలేదు.