జిట్సీ మీట్: చాలాకాలం వాడాక నా మాట

వారానికోసారి ఆన్‌లైన్‌లో కలిసే చదువరుల బృందం మాది. సగం మంది విజయవాడ, హైదరాబాద్‌లలో, మిగతావాళ్లు డాలస్, మెల్‌బోర్న్‌లలో ఉంటారు. ఒకరిది లినక్స్, ఇద్దరివి మ్యాక్‌లు, రిటైరైన మాస్టారిది పాత విండోస్ ల్యాప్‌టాప్, మిగిలినవాళ్లవి ఫోన్లు. లాక్‌డౌన్ నాటి నుంచి, వీడియో మీటింగులు పెట్టుకునే జిట్సీ మీటే వాడుతున్నాం.

కంప్యూటర్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. లింక్ నొక్కితే బ్రౌజర్‌లోనే మీటింగ్ తెరుచుకుంటుంది. "ఏదో అప్‌డేట్ అడుగుతోందండీ, ఏం చెయ్యమంటారు?" అని మాస్టారు ఫోన్ చెయ్యడం మానేశారు. జూమ్ ఉచిత ఖాతాలో మీటింగ్ 40 నిమిషాలకే ముగుస్తుంది. మావాళ్లు అసలు విషయానికి వచ్చేదే అప్పుడు!

జిట్సీ వాళ్ల ఉచిత సైట్‌లో 2023 ఆగస్టు నుంచి, మీటింగ్ మొదలుపెట్టేవాళ్లు గూగుల్, గిట్‌హబ్, ఫేస్‌బుక్‌లలో ఏదో ఒక ఖాతాతో లాగిన్ కావాలి. వచ్చేవాళ్లకు ఆ పనిలేదు. అయినా నాకది నచ్చలేదు. ఇది ఓపెన్ సోర్స్, అంటే కోడ్ ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు కాబట్టి, ఉబుంటు అనే లినక్స్ ఉన్న చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని దానిమీద జిట్సీని సొంతంగా పెట్టుకున్నాను. మీరూ పెట్టుకునేటట్టయితే సర్వర్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్‌లో, మాటా బొమ్మా వచ్చిపోయే దారి అయిన యూడీపీ 10000 పోర్టు తెరవడం మరవకండి. అది మూసి ఉంటే ఇద్దరున్నంతసేపూ అంతా బాగానే ఉంటుంది, మూడో మనిషి రాగానే మాటా బొమ్మా రెండూ పోతాయి. ఎందుకంటే ఇద్దరే ఉంటే వీడియో నేరుగా ఒకరి నుంచి ఒకరికి వెళ్తుంది. ముగ్గురైతే వీడియోబ్రిడ్జ్ అనే సర్వర్ గుండా పోవాలి.

ఈ బ్రిడ్జ్ అందరి వీడియోలనూ కలిపి ఒకటి చెయ్యదు, వచ్చినవి వచ్చినట్టు మిగతావాళ్లకు పంపిస్తుంది. అందుకే చిన్న సర్వర్ సరిపోతుంది. బరువంతా మన మెషీన్ మీద పడుతుంది. పదిమంది కెమెరాలు పెడితే మాస్టారి ల్యాప్‌టాప్ ఫ్యాను పిండిమరలా మోగుతుంది. సెట్టింగ్స్‌లో వీడియో నాణ్యత తగ్గించుకోవచ్చు. మేమైతే మాట్లాడేవాళ్లే కెమెరా పెట్టాలని నియమం చేసుకున్నాం.

గోప్యత సంగతికొస్తే, ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మీటింగ్‌లో ఉన్నవాళ్లు తప్ప మధ్యలో సర్వర్ కూడా చూడలేని తాళం) విడిగా ఆన్ చెయ్యాలి. లేకపోతే ఇద్దరు దాటిన మీటింగ్‌లో మన మాటలు ఆ బ్రిడ్జ్ దగ్గర విప్పబడతాయి. సర్వర్ మనదే అయితే దానికి నాకు టెన్షన్ లేదు.

వందమందితో ఆఫీసు మీటింగులు పెట్టేవాళ్లకు దీన్ని నేను చెప్పను, డబ్బు కట్టి వేరేది తీసుకోండి. మాలాంటి చిన్న గుంపుకు మాత్రం నిక్షేపంగా సరిపోతుంది. ఉచిత సైట్‌లోనే వాడేటట్టయితే మీటింగ్ రూముకు "తెలుగు", "క్లాస్" లాంటి తేలికైన పేర్లు పెట్టకండి, అదే పేరు కొట్టినవాళ్లెవరైనా లోపలికి వచ్చేస్తారు. పొడుగు పేరు పెట్టి, పాస్‌వర్డ్ కూడా తగిలించండి.