అనంతగిరి దగ్గర ఇరవై మీటర్ల రాయి, ఒక టెంటు, చాలా ఖర్చు

"గ్రానైట్ క్లైంబింగ్, టెంట్ స్టే, క్యాంప్‌ఫైర్" అని వాట్సాప్‌లో వచ్చిన పోస్టరు చూసి మా బావ నన్ను లాగాడు. మనిషికి 4,300. అందులో ఎక్కడానికి 2,500, టెంటుకు 1,800. తిండి, జీపు మన జేబులోంచే. గాజువాకలో ఇంట్లో కూర్చుంటే పోయేది గానీ, జనవరి చలి అంటే ఎవరికి ఆశ ఉండదు?

విశాఖ నుంచి కిరండూల్ పాసింజరు ఎక్కాం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనప ఖనిజాన్ని మన రేవు మీదుగా జపానుకు పంపడానికి 1960లలో వేసిన లైను ఇది. బావ విస్టాడోమ్ పెట్టె అన్నాడు. నేను మామూలు పెట్టె అన్నాను, నెగ్గాను. కిటికీ తీసి కూర్చుంటే సొరంగంలోకి దూరగానే ముఖానికి కొట్టే చల్లగాలి అద్దాల పెట్టెలో ఎక్కడిది? బొర్రాలో దిగి జీపెక్కాం. గుహల ముందు జనాన్ని చూసి అటు తిరగనే లేదు.

ఆ రాయి ఉన్న కొండ పేరు రాయడం లేదు. పైన ఊరివాళ్ల అమ్మవారు ఉంది, చెప్పులతో పైదాకా పోవద్దని, జనాన్ని పోగెయ్యొద్దని వాళ్లు అడిగారు. కొండ పైదాకా కాదు, ఆ రాయి వరకే మాకు అనుమతి.

ట్రైనర్ పాతికేళ్ల కుర్రాడు. మొదటి మాటే నిజం చెప్పాడు. "పోస్టర్లో గ్రానైట్ అని వేశారు గానీ సార్, ఇది చార్నోకైటు." గ్రానైట్‌కు దగ్గర చుట్టమేనట. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్ సమాధి మీది రాయిని బట్టి ఆ పేరు వచ్చింది. విరిగిన చోట చూస్తే నూనె రాసినట్టు ముదురు రంగులో జిడ్డుగా మెరుస్తుంది. విశాఖ చుట్టూ ఎక్కువగా కనిపించేది ఖోండలైటు. అది ఎండకూ వానకూ పుచ్చి ఎర్రబడిపోతుంది, తాడు తగిలించడానికి రాతిలో కొట్టే బోల్టుకు పట్టు చాలదు. అతను సుత్తితో అక్కడక్కడ తట్టి వినిపించాడు. గట్టి రాయి కంగుమంది. పక్కనే ఒక పలక మాత్రం పనసకాయ తట్టినట్టు బొదబొదమంది. "దీన్ని ముట్టుకోకండి" అన్నాడు.

బీచ్ రోడ్డు పక్కనే ఇన్ని రాళ్లుండగా ఇంత దూరం ఎందుకని బావ అడిగాడు. ఉప్పుగాలికి మామూలు ఉక్కు బోల్టు లోపల్లోపలే తినేసుకుపోతుందట. బయటికి బాగానే కనిపించి, మనిషి బరువు పడ్డాక విరగొచ్చు. సముద్రం పక్కన టైటానియం కొట్టాలి, దాని ఖరీదు ఎవరు పెడతారు? అదీగాక మన ఊరి ఉక్కపోతలో చేతులకు ఎంత చాక్‌పొడి రాసినా నిమిషంలో పిండిముద్ద అవుతుంది.

మా దారి ఒకే పిచ్, అంటే ఒక తాడుతో ఒకే విడతలో ఎక్కేసేది, సుమారు 20 మీటర్లు, ఆరు బోల్టులు. తాడు 60 మీటర్లది. పైదాకా పోయి మళ్లీ కిందికి దింపాలి కాబట్టి ఆ తాడుతో దారి 30 మీటర్లు దాటకూడదు. ఎక్కే ముందు నా నడుముకున్న ఎనిమిది అంకె ముడి బావ చూడాలి, కింద తాడు పట్టే బావ పరికరం నేను చూడాలి. పట్టించుకోడనుకున్న మనిషి నా ముడిని వేలితో వెంట వెంట తడిమి చూశాడు. పెళ్లిలో కూడా అంత శ్రద్ధ చూపలేదు.

మూడో బోల్టు దాకా మెట్లలాగే ఉంది. అక్కడి నుంచి నాలుగోదానికి మధ్య గోడ నున్నగా లేచింది. ఎడమ కాలు అగ్గిపెట్టె వెడల్పు అంచు మీద, కుడి చేతి మూడు వేళ్లు పగులులో. కాలు కుట్టుమిషను తొక్కినట్టు టకటకా ఆడింది. క్విక్‌డ్రా (రెండు కొసలా కొక్కేలున్న పట్టీ) బోల్టుకు తగిలించాను, తాడు లాగి అందులో వెయ్యబోయాను, వేలు జారింది. పడ్డాను. తాడు సాగి ఆపింది. ఆ లాగుడుకి కింద బావ అడుగు ఎత్తు పైకి లేచాడు. "ఏటిరా ఇది, చెప్పి పడొచ్చు కదా!" రెండోసారి కాలు ముందు మార్చుకున్నాను. ఎక్కేశాను. పైన గాలి, దూరంగా కాఫీ తోటల మీద ముసురులాంటి మంచు. ఓ పక్కగా కొండ తేనెటీగల పట్టు కనిపించింది. సెంటు కొట్టుకుని రావద్దని ట్రైనర్ పొద్దున ఎందుకన్నాడో అప్పుడర్థమైంది.

కుర్రాడికి నూటికి నూరు వేస్తాను. అతన్ని పంపిన సంస్థకు కాదు. ఆరుగురికి నాలుగే హార్నెస్‌లు (తాడు కట్టే నడుము పట్టీలు) తెచ్చారు. నాకిచ్చిన హెల్మెట్ బకిల్ చీలి ఉంది. చెబితే "ఏం కాదు సార్, టేపేశాం" అన్నారు. గొడవపడితేనే ఇంకొకటి వచ్చింది. మీరు పోతే సొంత హెల్మెట్ పట్టుకెళ్లండి, లేదా డబ్బు కట్టే ముందే సామాను ఫొటో అడగండి.

టెంటుకు 1,800 శుద్ధ దండగ. పరుపు చెమ్మ, దుప్పటి ఒక్కటే, వేడినీళ్ల బకెట్‌కు మళ్లీ 50. క్యాంప్‌ఫైర్ పక్కన స్పీకరు అర్ధరాత్రి దాకా. పక్క ఊళ్లో ఒక ఇంట్లో గది 700కే దొరుకుతుందని పొద్దున జీపు డ్రైవరు చెప్పాడు, అదీ దుప్పట్లు మూడు. తిండి విషయంలో ఫిర్యాదు లేదు. రోడ్డు పక్క బొంగులో చికెన్ వెదురు చీల్చి ఆకులో పోశారు, చుక్క నూనె లేదు, బావ రెండు బొంగులు లాగించాడు.

తిరుగు ప్రయాణం ఆర్టీసీ బస్సు. ఘాట్ మలుపులకు కడుపు తిప్పుతుంది, నిమ్మకాయ దగ్గరుంచుకోండి. దాహమేసి నీళ్ల బాటిల్ మూత తిప్పబోతే ముంజేతుల్లో బలం లేదు. బావ వల్లా కాలేదు. పక్క సీటులో సంత సంచులతో కూర్చున్న అవ్వ మా ఇద్దర్నీ కాసేపు చూసింది. "ఇలా తే బాబూ" అని బాటిల్ లాక్కుని, ఒక్క తిప్పుకు తీసి ఇచ్చింది.